ప్రాజెక్టు మానేసే ముందు

విజయనగరం

చిరంజీవి చిట్టికి మావయ్య ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం అందింది. పలాసలో మీ నాన్న నడిపే జీడి యూనిట్ పనిని పెట్రి నెట్‌గా రాసి ప్రోగ్రామ్ చేద్దామనుకున్నావు. తీరా చూస్తే అది ‘రీచబిలిటీ’ సమస్య అని తెలిసింది. అది ఏ కంప్యూటరూ మొయ్యలేనంత కష్టమని 2021లో రుజువైందని చదివి, ప్రాజెక్టు మార్చేసి అందరిలాగే ఓ యాప్ చేసి ఇచ్చేస్తానంటున్నావు. ఎచ్చెర్లలో మీ గైడ్‌గారికి ఆ మాట చెప్పకముందే ఇది నీకు చేరాలని వెంటనే కూర్చుని రాస్తున్నాను. మానొద్దమ్మా. నువ్వు చదివింది నిజం. దాన్నుంచి నువ్వు తేల్చుకున్నది మాత్రం తొందరపాటు.

నీ నెట్‌నే తీసుకుందాం. యార్డులో ఇన్ని పచ్చి పిక్కల బస్తాలు, బాయిలర్‌లో ఉడికినవి ఇన్ని, కటింగ్ దగ్గర ఇన్ని, పొట్టు తీయాల్సినవి ఇన్ని, ప్యాకింగ్ అయిన టిన్నులు ఇన్ని. ప్రతి పనీ కొన్ని చోట్ల కొంత తీస్తుంది, కొన్ని చోట్ల కొంత పెడుతుంది. లేని బస్తాని తియ్యలేం. ఉన్న నియమం అదొక్కటే. పొద్దున్న ఇలా ఉన్న యార్డు, ఏవో పనులు ఏదో వరసలో చేస్తే, సాయంత్రానికి సరిగ్గా ఫలానా స్థితికి వస్తుందా? ఇదే రీచబిలిటీ ప్రశ్న. చూడ్డానికి ఎక్కాల లెక్కలాగే ఉంటుంది. 1969లో కార్ప్, మిల్లర్ దీన్ని గణితంగా రాసిపెట్టిన తర్వాత, అసలు దీన్ని తేల్చే పద్ధతంటూ ఉందా అన్నది పన్నెండేళ్లపాటు ఎవరికీ తెగలేదు. మధ్యలో 1977లో ఒక రుజువు వచ్చింది గాని అది పూర్తిగా నిలవలేదు. 1981లో ఎర్న్‌స్ట్ మేయర్ పద్ధతి ఉందని చూపాడు. మరుసటి ఏడే దాన్ని బాగా సరళం చేసి ఇంకో రుజువు ఇచ్చినవాడు కొసరాజు సాంబశివరావు.

పేరు తెలిసిందే కదూ? దిశలున్న గ్రాఫులో ఒకదాన్నుంచి ఒకటి చేరుకోగల బిందువుల గుంపుల్ని విడదియ్యడానికి, బాణాలు తిప్పేసి రెండుసార్లు వెతికే ‘కొసరాజు అల్గారిథం’ నువ్వు క్లాసులో రాసే ఉంటావు. ఆయనే. మన వాల్తేరులోనే, ఆంధ్రా యూనివర్సిటీలో బి.ఇ. చదివి, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎం.టెక్. చేసి, పెన్సిల్వేనియాలో పీహెచ్‌డీ తీసుకుని, జాన్స్ హాప్కిన్స్‌లో ప్రొఫెసరయ్యారు. ఆ అల్గారిథాన్ని 1978లో చెప్పి అచ్చువెయ్యకుండా ఊరుకున్నారు. 1981లో మీకా షరీర్ తనంతట తాను కనిపెట్టి అచ్చువేశాడు. తర్వాత ఏహో, హాప్‌క్రాఫ్ట్, ఉల్‌మన్ తమ పాఠ్యపుస్తకంలో ఇద్దరి పేర్లూ రాశారు. గ్రాఫు ఎంతుంటే అంత సమయంలోనే అయిపోయే పని అది. చాలా చవకైన అల్గారిథం. లోకంలోకెల్లా ఖరీదైన సమస్యల్లో ఒకదానికి తేల్చే దారి చూపినవాళ్లలోనూ ఆ మనిషే ఉన్నారు. నాకు ఆయన మీద గౌరవం ఇందుకే.

తేల్చే పద్ధతి ఉండటమంటే ఏమిటో చెప్తాను. దీనికి కొసరాజు రుజువు కంటే, 2009లో జెరోమ్ లెరూ చూపించిన దారి నీకు తేలిగ్గా ఎక్కుతుంది. రెండు కుప్పలున్నాయనుకో. మొదటి పని: ఎడమ కుప్పలో ఒకటి తీసి కుడి కుప్పలో రెండు పెట్టడం. రెండో పని: కుడిలో ఒకటి తీసి ఎడమలో ఒకటి పెట్టడం. ఎడమ ఒకటి, కుడి సున్నాతో మొదలెడితే రెండు కుప్పలూ ఖాళీ అవుతాయా? కావు. మొత్తం ఎప్పుడూ తగ్గదు కాబట్టి. ఆ ఒక్క వాక్యమే రుజువు. ఎక్కడ చేరుకోలేమో అక్కడల్లా ఇలాంటి కారణం ఒకటి, కూడికలతో పోలికలతో రాయగలిగేది, ఉండి తీరుతుందని లెరూ నిరూపించాడు. ఇక ఒక ప్రోగ్రామ్ పనుల వరసలన్నీ ఒక్కొక్కటిగా ప్రయత్నిస్తుంది, పక్కన ఇంకో ప్రోగ్రామ్ అలాంటి కారణాలన్నీ ఒక్కొక్కటిగా పరీక్షిస్తుంది. రెండిట్లో ఏదో ఒకటి ఎప్పటికో అప్పటికి ఆగక తప్పదు. సమస్య తేలినట్టే.

ఎప్పటికి ఆగుతుందన్నదే నువ్వు చదివిన సంగతి. 1976లో లిప్టన్, ఎంత తెలివైన పద్ధతికైనా కనీసం ఎక్స్‌పొనెన్షియల్ జాగా కావాలని చూపాడు. ఆపైన నిజంగా ఎంత కావాలన్నది నలభై ఏళ్లకు పైగా తెలియలేదు. 2021లో లెరూ ఒకవైపు, పోలండ్‌లో చెర్విన్‌స్కీ, ఒర్లికోవ్‌స్కీ ఇంకోవైపు, విడివిడిగా, నెట్ పెద్దదవుతున్నకొద్దీ అది అకర్‌మన్ ఫంక్షన్ వేగంతో పెరుగుతుందని నిరూపించారు. ఆ ఫంక్షన్‌కి 3, 3 ఇస్తే 61 వస్తుంది. 4, 1 ఇస్తే 65,533. 4, 2 ఇస్తే వచ్చేది 19,729 అంకెల సంఖ్య. 4, 3 ఇస్తే వచ్చేదాన్ని రాయడానికి విశ్వంలో కాగితం లేదు. పద్ధతి ఉందనడమూ, పద్ధతి పనికొస్తుందనడమూ ఇంత దూరంగా ఉండగలవని మొదటిసారి అర్థమైన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ థియరీ సబ్జెక్టు నీకు పరీక్షలో మార్కులకే పనికొస్తుందని మీ సీనియర్లు అంటున్నారని రాశావు. వాళ్లకి ఇది ఎవరూ చూపించలేదమ్మా.

ఇప్పుడు నీ పనికొద్దాం. ఆ రుజువు ఏ నెట్ గురించి? చోట్ల సంఖ్యకి హద్దు లేకుండా, ఒక్కో చోట ఎన్ని బస్తాలైనా పట్టేలా, గణితవేత్తలు కావాలని మెలికపెట్టి కట్టిన నెట్‌ల గురించి. మీ గోడౌన్‌కి గోడలున్నాయి. ఐదు చోట్లు, ఒక్కోచోట 99 బస్తాలకి మించి పట్టదనుకుంటే మొత్తం స్థితులు 1000 కోట్లు. అది పెద్ద సంఖ్యే గాని దానికి అంతుంది. కాస్త ఉపాయంగా వెతికితే ల్యాప్‌టాప్ తట్టుకుంటుంది. చోట్లు పెరిగితే ఇబ్బందే, అప్పుడు చేసే పోరాటం మాత్రం అందరూ రోజూ చేసేదే.

అంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. మీ నాన్నకి సాయంత్రానికి సరిగ్గా పది టిన్నులు మిగిలి, మిగతా చోట్లన్నీ ఖాళీ అవ్వాలా? లేక కనీసం పది టిన్నులు తయారైతే చాలా? లారీ వచ్చే వేళకి కనీసం ఇన్ని ఉంటే చాలంటే, హద్దుల్లేని నెట్‌కైనా ఎక్స్‌పొనెన్షియల్ జాగా సరిపోతుందని రాకాఫ్ 1978లో చూపించాడు. ‘సరిగ్గా’ అని పట్టుబడితేనే అకర్‌మన్ వస్తుంది. ఇక, ఫలానా చోటు ఖాళీగా ఉంటేనే ఈ పని మొదలెట్టు అన్న నియమాన్ని హద్దుల్లేని రెండు చోట్లకి పెట్టావా, సమస్య తేల్చే పద్ధతే ఉండదు. అలాంటి చోట్లు, అంటే లెక్కపెట్టెలు, రెండు చాలు, ఏ కంప్యూటర్ చేసే పనైనా చేస్తాయని మిన్‌స్కీ 1960లలో చూపించాడు. 1936లో ట్యూరింగ్, ప్రోగ్రామ్ ఆగుతుందా లేదా అన్నది తేల్చే సాధారణ పద్ధతి ఉండదని నిరూపించాడు కదా, అదే ఇక్కడికొచ్చి కూర్చుంటుంది. యార్డు అదే, బస్తాలు అవే. అడిగే ప్రశ్న కొద్దిగా మారితే చాలు, చెయ్యగలిగింది కాస్తా చెయ్యలేనిదైపోతుంది. థియరీ చదవడం వల్ల నీకు ఒనగూరేది ఈ తేడా కనిపెట్టే కన్నే. ఏ యాప్ చేసినా అది రాదు.

కాబట్టి ఈ వారం కోడ్ జోలికి వెళ్లకు. శనివారం ఇంటికెళ్లి మీ నాన్న పక్కన కూర్చుని అడుగు: ఏ చోట ఎన్ని బస్తాలు పడతాయి? సాయంత్రానికి కనీసమా, సరిగ్గానా? బాయిలర్ ఖాళీ అయ్యేదాకా ఆగాల్సిన పనులేవి? ఏ పనికి ఎంతసేపు పడుతుంది? ఆ చివరి ప్రశ్నకి నీ నెట్‌లో జవాబు లేదు. సమయాన్ని కూడా కలపాలంటే అది ఇంకో రకం నెట్, దాని సంగతి తర్వాత చూద్దాం. జవాబులు మీ నాన్న చెప్పిన మాటల్లోనే రాసుకో, నీ గుర్తుల్లోకి తర్వాత మార్చుకోవచ్చు.

తర్వాత, పైన చెప్పిన రెండు కుప్పల లెక్కని ఇంకొంచెం మార్చి నువ్వే ఒకటి తయారుచెయ్యి. చేరుకోలేమని తెలుస్తుండాలి, కారణం మాత్రం ‘మొత్తం తగ్గదు’ అన్నంత తేలిగ్గా దొరకకూడదు. కారణాన్ని చేత్తో, తెల్లకాగితం మీద, పూర్తి వాక్యాల్లో రాయి. అదీ, మీ నాన్న జవాబులూ కలిపి ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు. చూశాక, మీ గైడ్‌గారితో ఏం చెప్పాలో ఫోన్‌లో మాట్లాడుకుందాం.

అత్తయ్య నిన్ను అడిగింది. మీ అమ్మకి నా మాటగా, మోకాలి నొప్పికి డాక్టర్ని మళ్లీ కలవమను.

ఆశీస్సులతో,
మావయ్య