ప్రభుత్వ వ్యవహారములలో బహిరంగ ప్రమాణములు

మన కళాశాల వార్షిక సంచికకు రెండు ముఖపత్రములు కలవు. ఒక వైపునుండి తెరచినచో తెలుగు విభాగము, రెండవ వైపునుండి తెరచినచో ఉర్దూ విభాగము కనుపించును. పాత సంచికలలోని మేలైన వ్యాసములను ఏరి ఒకచోట కూర్పవలెనని ఆ మధ్య సంపాదక వర్గము తలపెట్టినది. ఇరువది యేండ్ల క్రిందటి అచ్చు ప్రతులు గ్రంథాలయపు బీరువాలో దొరకినవి. అంచులను కొంత చెదలు తినినను అక్షరములు చెక్కుచెదరలేదు. ఆ సంచికలను కంపోజు చేసిన కంప్యూటరు డిస్కులు కూడ దొరకుటచే పని సులువైనదని అందరును సంతోషించిరి. కాని డిస్కును తెరచి చూడగా తెలుగు వ్యాసము ఇంగ్లీషు అక్షరముల గందరగోళముగ కనుపించినది. ఉర్దూ వ్యాసములు అసలే తెరచుకొనలేదు. ఆనాడు వాడిన సాఫ్ట్‌వేరు నేటి యంత్రములపై నడువదు. దాని లోపలి కట్టడి తయారుచేసినవారికి తప్ప అన్యులకు తెలియదు. తుదకు విద్యార్థులే కూర్చుండి అన్నింటిని మరల టైపు చేసిరి. చెదలు తినిన కాగితము మాటలాడినది. చెదలంటని డిస్కు మూగవోయినది.

కళాశాల సంచికకు కలిగినది స్వల్పమైన శ్రమ. ఇట్టి గతియే భూమి పట్టాకు, జనన ధ్రువపత్రమునకు, న్యాయస్థానపు తీర్పునకు పట్టినచో నష్టపోవువారెవరు? ఈ ప్రశ్నను ముందుంచుకొని బహిరంగ ప్రమాణములను, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును గూర్చి విద్యార్థులు ఆలోచింపవలసియున్నది.

ప్రమాణమనగా నేమి?

ప్రమాణమనగా పదిమంది అంగీకరించిన కొలత. సేరు, వీశె, మణుగు, కుంచము, మానిక అను మాటలను మన పెద్దలెరుగుదురు. పేరు ఒకటియే యైనను కొలత ఊరూరికి మారుచుండెడిది. పొరుగూరి సంతకు ధాన్యము తీసికొనిపోయిన రైతు అచ్చటి వర్తకుని కుంచమునే నమ్మవలసివచ్చెడిది. 1956వ సంవత్సరమున తూనికలు, కొలతల ప్రమాణముల చట్టము వెలువడి, మెట్రిక్ పద్ధతి దేశమంతట క్రమముగ అమలులోనికి వచ్చినది. కిలోగ్రాము ఎవరి సొత్తును కాదు. దాని నిర్వచనము అందరికిని తెలిసినదే. తూకపు రాయిని ఎవరు చేసినను ప్రభుత్వము పరీక్షించి ముద్ర వేయును. అందుచే కొనువాడు అమ్మువాని దయపై ఆధారపడవలసిన పనిలేదు.

రైలు మార్గములను చూడుడు. మన దేశమున బ్రాడ్ గేజి పట్టాల నడిమి దూరము 1,676 మిల్లీమీటర్లు. మీటరు గేజికి 1,000 మిల్లీమీటర్లు. ఈ రెండును కలియు గుంతకల్లు వంటి జంక్షనులలో సరకులను ఒక బండినుండి దించి మరియొక బండికి ఎక్కింపవలసివచ్చెడిది. ఈ ప్రయాసను తొలగించుటకే భారతీయ రైల్వేలు 1992లో ఏక గేజి పథకమును చేపట్టినవి.

కంప్యూటరు పత్రమునకు కూడ ఇట్టి గేజి కలదు. దానిని ఫార్మాటు అందురు. అక్షరమును ఏ సంఖ్యతో గుర్తింపవలెను, పేరాను ఎట్లు విడదీయవలెను, పట్టికను ఎట్లు నిలుపవలెను అను నియమముల సముదాయమే ఫార్మాటు. ఆ నియమములను ప్రకటించి, ఎవ్వరైనను రుసుము చెల్లింపక వాడుకొనునట్లు చేసినచో అది బహిరంగ ప్రమాణము. వానిని ఒక సంస్థ తన గుట్టుగ దాచుకొనినచో, ఆ పత్రమును వ్రాసినవాడు దానికి యజమాని యైనను తాళపుచెవి మాత్రము సంస్థ చేతిలో నుండును.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు

బహిరంగ ప్రమాణము, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అనునవి దగ్గరి బంధువులే కాని ఒకటి కావు. మొదటిది నియమము, రెండవది ఆ నియమమును పాటించు పనిముట్టు. ప్రోగ్రామరు వ్రాసిన మూలరచనను సోర్సు కోడు అందురు. సాధారణముగ అమ్మకపు సాఫ్ట్‌వేరులో ఆ రచనను దాచి, యంత్రమునకు మాత్రమే అర్థమగు రూపమును మనకిత్తురు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ఈ పద్ధతికి ప్రతిగా గ్నూ అను ప్రయత్నమును ప్రకటించెను. ప్రోగ్రామును ఏ ప్రయోజనమునకైనను నడుపుకొనుట, దాని మూలరచనను చదివి మార్చుకొనుట, ప్రతులను పంచిపెట్టుట, తాను మెరుగుపరచిన దానిని ఇతరులకిచ్చుట అను నాలుగు స్వేచ్ఛలు ఈ ఉద్యమమునకు పునాదులు. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అను కెర్నెలును వెలువరించెను. 1998లో ఓపెన్ సోర్సు అను పేరు వాడుకలోనికి వచ్చినది.

మనము నిత్యము వాడు ఇంటర్నెట్టు సైతము ఇట్టి ఔదార్యము వలననే వ్యాపించినది. టిమ్ బెర్నర్స్-లీ రూపొందించిన వెబ్ సాఫ్ట్‌వేరును, జెనీవా సమీపమునగల సెర్న్ పరిశోధన సంస్థ 1993 ఏప్రిల్ 30వ తేదీన ఎట్టి రుసుమును లేక లోకమునకు అర్పించినది. సెర్న్ పలు ప్రభుత్వముల ధనముతో నడచు సంస్థ యని గమనింపవలెను.

మన రెండు లిపుల కథ

ఈ విషయము మన కళాశాలకు మిక్కిలి దగ్గరిది. కంప్యూటరు తొలుత ఇంగ్లీషు అక్షరములకే అనువుగ నుండెను. తెలుగును చూపుటకు ఫాంటు తయారీదారులు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు ముక్కలను కూర్చిరి. ఒకరి కూర్పు మరియొకరి కూర్పుతో కలియదు. తెరపై తెలుగు కనుపించినను కంప్యూటరునకు అది ఇంగ్లీషే. ఫాంటు మారగానే అర్థము పోవును. మన డిస్కులకు పట్టిన గతికి కారణమిదియే. భారతీయ ప్రమాణముల సంస్థ 1991లో ఇస్కీ అను ప్రమాణమును వెలువరించినది. అది బ్రాహ్మీనుండి పుట్టిన లిపులకు ఉద్దేశింపబడినది. ఉర్దూ లిపి అందులో ఇముడలేదు.

ఉర్దూ కష్టము మరియొక విధమైనది. నస్తాలీఖు లిపిలో అక్షరములు వాలుగ జారుచు ఒకదానిపై నొకటి చేరును. ప్రక్క అక్షరమును బట్టి ప్రతి అక్షరపు ఆకృతి మారును. అందుచే చిరకాలము ఉర్దూ పత్రికలు కాతిబుల చేతివ్రాత పైననే ఆధారపడినవి. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ కృషితో వచ్చిన నూరీ నస్తాలీఖు కొరకు వేలకొలది అక్షర సంయోగములను విడివిడిగ వ్రాయవలసివచ్చినది. అది గొప్ప కృషి. కాని అటుపిమ్మట కంప్యూటరు కూర్పులో సిద్ధమైన పత్రములు కూడ చాలవరకు ఆయా సాఫ్ట్‌వేరుల గోడల నడుమనే చిక్కుకొనినవి.

1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణము ఈ గోడలను కూల్చుటకు మార్గము చూపినది. లోకములోని లిపులన్నింటిలో ప్రతి అక్షరమునకు ఒక శాశ్వత సంఖ్యను కేటాయించుట దీని సూత్రము. తెలుగునకును, ఉర్దూ వాడు అరబీ లిపికిని తొలినుండియు అందులో స్థానము కలదు. అక్షరమునకు గల సంఖ్య వేరు, దానిని చూపు ఫాంటు వేరు. ఫాంటు మారినను సంఖ్య మారదు. భారత ప్రభుత్వము 2009లో ఈ-పరిపాలన కొరకు యూనికోడ్‌ను ప్రమాణముగ ప్రకటించినది. స్వేచ్ఛా లైసెన్సులతో పోతన 2000, వేమన 2000 వంటి తెలుగు ఫాంటులును, నోటో నస్తాలీఖు ఉర్దూ వంటి ఉర్దూ ఫాంటులును నేడు లభించుచున్నవి. తెలంగాణలో 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోను ఉర్దూ రాష్ట్రమంతటికి రెండవ అధికార భాష యైనది. చట్టము ఇచ్చిన ఈ స్థానము కార్యాలయపు కంప్యూటరులో కూడ నిలువవలెనన్నచో దరఖాస్తు తీసికొను యంత్రము ఆ లిపిని చదువగలుగవలెను.

ప్రభుత్వముల అనుభవములు

2002లో పెరూ దేశపు శాసనసభ్యుడు ఎడ్గార్ విల్లానుయెవా ప్రభుత్వ కార్యాలయములలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును వాడవలెనను బిల్లును సమర్థించుచు మూడు కారణములు చూపెను: ప్రభుత్వ సమాచారము పౌరులకు అడ్డు లేక అందవలెను, అది కలకాలము నిలువవలెను, రాజ్యమునకును పౌరులకును భద్రత యుండవలెను. ఖర్చు తగ్గుననుట ఆయన వాదమునకు మూలము కాదు.

ఓపెన్ డాక్యుమెంట్ అను పత్ర ఫార్మాటు 2006లో అంతర్జాతీయ ప్రమాణమైనది. అంతకు ముందే 2005లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రము దానిని తన కార్యాలయములకు నిర్ణయించి పెద్ద వివాదమును ఎదుర్కొనినది. 2014లో బ్రిటన్ ప్రభుత్వము దిద్దుటకు వీలగు పత్రములకు దానినే ఎన్నుకొనినది.

మన దేశమున 2010 నవంబరులో ఈ-పరిపాలనకై బహిరంగ ప్రమాణముల విధానము వెలువడినది. ప్రమాణమునకు సంబంధించిన పేటెంటులపై రాయల్టీ యుండరాదనియు, లాభాపేక్ష లేని సంస్థ దానిని నిర్వహింపవలెననియు, భారతీయ భాషలకు అనువైనదిగ నుండవలెననియు అందు పేర్కొనబడినది. 2015లో వెలువడిన విధానము ప్రకారము, కేంద్ర ప్రభుత్వ కార్యాలయములు సాఫ్ట్‌వేరు కొరకు ప్రతిపాదనలు పిలుచునపుడు ఓపెన్ సోర్సునకు ప్రాధాన్యమీయవలెను. దానిని విడిచినవారు కారణము చూపవలెను. కేరళలో 2001లో ఆరంభమైన ఐటీ ఎట్ స్కూల్ పథకము క్రమముగ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునకు మారి, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు దానితోనే పాఠములు చెప్పినది.

ఆక్షేపణలు

ఎదుటి పక్షమువారి మాటలను కూడ వినవలెను. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉచితమని చెప్పుట అర్ధసత్యము. లైసెన్సు రుసుము లేకపోయినను శిక్షణకు, మరమ్మతునకు, పాత పత్రముల మార్పిడికి ధనము కావలెను. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలన 2003లో లినక్స్‌నకు మారుటకు నిశ్చయించి, సుమారు 15 వేల కంప్యూటరులను మార్చినది. కాని 2017లో నగర సభ తిరిగి పాత మార్గమునకే పోవుటకు తీర్మానించినది. ఇతర కార్యాలయములతో పత్రముల మార్పిడిలో కలిగిన చిక్కులు, పాలకుల యందలి మార్పు అందుకు దోహదము చేసినవి. అదే జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టీన్ రాష్ట్రము సుమారు 30 వేల కంప్యూటరులలో లిబ్రె ఆఫీసును వాడుటకు 2024లో నిర్ణయించినది. వీనినుండి గ్రహింపవలసిన దేమనగా, ఒక్క నగరము మారినంత మాత్రమున చాలదు. దానితో వ్యవహరించు వారందరును ఒకే బహిరంగ ప్రమాణమును పాటింపనిదే ఆ మార్పు నిలువదు. గుంతకల్లు జంక్షను చెప్పిన పాఠమే ఇదియును.

మూలరచన బహిరంగమైనచో దొంగలకు దారి చూపినట్లగునని మరియొక ఆక్షేపణ. బహిరంగ రచనలలో సైతము లోపములు చిరకాలము దాగియుండిన సందర్భములు కలవు. 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ అను లోపము అట్టిదే. తలుపు తెరచియుంచుట చాలదు. లోనికి వచ్చి పరీక్షించువారు కావలెను. ప్రభుత్వ ధనము వెచ్చింపవలసిన చోటు ఇదియే. లైసెన్సులకై పోవు సొమ్ములో కొంత భాగమును పరీక్షకులకు, భాషా సాధనములకు, స్థానిక యువకుల శిక్షణకు మరల్చినచో ఆ విద్య మన మధ్యనే నిలుచును.

విద్యార్థులకు

పేద విద్యార్థి ఒకడు ఖరీదైన సాఫ్ట్‌వేరుతో మాత్రమే పూరింపవలసిన దరఖాస్తును ఎదుర్కొనినాడనుకొందము. వానికి రెండే దారులు మిగులును: దరఖాస్తు మానుకొనుట, లేదా దొంగ ప్రతిని వాడుట. తన హక్కును కోరుటకు పౌరుడు తప్పు చేయవలసివచ్చుట ప్రభుత్వమునకు తగని పని. బహిరంగ ప్రమాణము వానికి గౌరవప్రదమైన మూడవ దారిని చూపును. 2005 నాటి సమాచార హక్కు చట్టము ప్రభుత్వ రికార్డులను క్రమముగ భద్రపరచి, వీలైనంతవరకు కంప్యూటరులో ఉంచవలెనని చెప్పుచున్నది. అట్లుంచిన రికార్డును ఏబది యేండ్ల పిమ్మట మన మనుమలు చదువలేకపోయినచో ఆ హక్కునకు అర్థముండదు.

కావున విద్యార్థి మిత్రులు తమ వ్యాసములను యూనికోడ్‌లో వ్రాయుటకును, బహిరంగ ఫార్మాటులో భద్రపరచుటకును నేడే అలవాటు పడవలెను. కంప్యూటరు విద్య అభ్యసించువారు తెలుగు, ఉర్దూ భాషల స్వేచ్ఛా సాధనములలో కనుపించు తప్పులను దిద్దుటకు పూనుకొనవలెను. అందులకు ఎవరి అనుమతియు అక్కరలేదు. మరల టైపు చేసిన ఆ పాత వ్యాసములు ఇపుడు రెండు లిపులలోను యూనికోడ్ రూపమున మన గ్రంథాలయమునందున్నవి. రాబోవు సంపాదక వర్గమువారు వానిని తెరచినపుడు, ఎవరి తాళపుచెవికిని వెదకవలసిన పని లేక, మొదటి పుటనుండియే చదువుకొనగలరు.