రెండు సరస్సుల లోయ: గ్లెండలాక్

ఐర్లండునకును మన తెలుగు నేలకును సంబంధమేమని ఎవరైనను అడిగినచో మదనపల్లెను చూపవచ్చును. 1919లో రవీంద్రనాథ ఠాకూరు అచటి దివ్యజ్ఞాన కళాశాలలో బసచేసి ‘జనగణమన’ గీతమును ఆంగ్లములోనికి అనువదించిరి. ఆనాడు ఆ కళాశాలకు ప్రిన్సిపాలుగా నున్న జేమ్స్ కజిన్స్ గారు ఐరిష్ కవి. గీతమునకు స్వరలిపి సమకూర్చుటలో తోడ్పడిన మార్గరెట్ కజిన్స్ గారు ఆయన సతీమణి. అంత దూరమునుండి వచ్చి మన బిడ్డలకు చదువు చెప్పిన ఆ దంపతుల దేశమును గూర్చి మనకు తెలిసినది స్వల్పము. దేశమంతయు ఒక వ్యాసములో ఇమడదు గనుక అందలి ఒక లోయను మాత్రము ఎంచుకొనుచున్నాము.

ఆ లోయ పేరు గ్లెండలాక్. డబ్లిన్ నగరమునకు దక్షిణముగా సుమారు 50 కిలోమీటర్ల దూరమున విక్లో కొండల నడుమ ఉన్నది. అచటికి కొందరు పురాతన శిథిలములను చూచుటకు వత్తురు. కొందరు కొండబాటలలో నడచుటకు వత్తురు. మరికొందరు అడవిని, పక్షులను చూచి సేదదీరుటకు వత్తురు. చరిత్ర ఒకటి, నడక ఒకటి, ప్రకృతి ఒకటి అని మనకు తోచును. ఈ లోయలో ఆ మూడును ఒకే గ్రంథములోని పుటలని చూపుటయే మా ఉద్దేశము.

పేరు చెప్పు కథ

ఏ స్థలమునకు పోయినను విద్యార్థి మొదట చదువవలసినది దాని పేరును. ఐరిష్ భాషలో ‘గ్ల్యాన్’ అనగా లోయ, ‘దా’ అనగా రెండు, ‘లోఖ్’ అనగా సరస్సు. ఈ మూడు మాటలే ఆంగ్లము మాట్లాడువారి నోట ఒక్కటై, అర్థము తెలియని శబ్దముగా మిగిలినవి. అచటి జలపాతము పేరు పౌలనాస్. ‘జలపాతపు మడుగు’ అని దాని భావము. రీఫర్ట్ అను శిథిల ప్రార్థనాలయము పేరునకు ‘రాజుల సమాధిస్థలము’ అని అర్థము చెప్పుదురు.

పేరులోని ‘రెండు’ అను మాటకును ఒక చరిత్ర కలదు. హిమయుగమున మంచు కొండలను తొలిచి ఈ లోయను మలచినది. తరువాత ఏర్పడిన సరస్సు మొదట ఒక్కటియే. పౌలనాస్ వాగు వేలయేండ్లుగా మోసికొని వచ్చిన రాళ్లు, ఇసుక అడ్డముగా పేరుకొని దానిని ఎగువ సరస్సు, దిగువ సరస్సు అని విభజించినవి. ఒక చిన్న వాగు చేసిన పని ఈనాటికిని పేరులో నిలిచియున్నది.

1937 నాటి రాజ్యాంగము ఐరిష్ భాషను ప్రథమ అధికార భాషగా ప్రకటించినది. ఐనను నిత్యవ్యవహారమున దానిని మాట్లాడువారు నేడు ఆ దేశమున కొద్దిమందియే. దారిఫలకములపై రెండు భాషలలోను పేర్లు వ్రాసి, మరుగుపడిన అర్థమును నిలుపుకొనుచున్నారు. రెండు భాషలలో వెలువడు ఈ సంచికను చేతబట్టిన పాఠకునకు ఆ శ్రమ విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

రాతి గోపురము

6వ శతాబ్దమున కెవిన్ అను క్రైస్తవ సాధువు ఏకాంతము కోరి ఎగువ సరస్సు ఒడ్డును ఆశ్రయించెను. ఆయన 618లో పరమపదించెనని సంప్రదాయము. ఏకాంతము కోరినవాని చుట్టును శిష్యులు చేరిరి. మఠము వెలసినది, క్రమముగా అది విద్యాకేంద్రమై, యాత్రాస్థలమై ప్రసిద్ధికెక్కినది.

కెవిన్ చేయి చాచి ప్రార్థించుచుండగా ఒక నల్లని పిట్ట ఆయన అరచేత గూడు కట్టి గుడ్లు పెట్టెననియు, పిల్లలు ఎగిరిపోవు వరకు ఆయన చేయి కదల్పలేదనియు ఒక కథ కలదు. 12వ శతాబ్దపు రచయిత జెరాల్డ్ ఆఫ్ వేల్స్ దీనిని గ్రంథస్థము చేసెను. 1995లో నోబెల్ బహుమతి పొందిన షేమస్ హీనీ గారు ఈ కథనే వస్తువుగా గైకొని కవిత వ్రాసిరి. ఇది జరిగినదా లేదా అని వాదించుటకంటె, ఆ సమాజము దేనిని మహత్త్వముగా ఎంచెనో గ్రహించుట మేలు.

మఠపు శిథిలములలో నేడు ముందుగా కనబడునది గుండ్రని గోపురము. దాని ఎత్తు సుమారు 30 మీటర్లు. ద్వారము నేలకు 3.5 మీటర్ల ఎత్తున ఉన్నది. నిచ్చెన వేసిననే లోనికి పోగలము. ఇది ముఖ్యముగా గంటల గోపురము. దూరమునుండి వచ్చు యాత్రికులకు ఆనవాలుగను, ఆపత్కాలమున విలువైన వస్తువులను దాచు చోటుగను ఉపకరించెనని పండితుల అభిప్రాయము. దాని పైకప్పును 1876లో పాత రాళ్లతోనే తిరిగి కట్టిరి. అంతకు పూర్వమే, 1398లో ఆంగ్లసేనలు ఈ మఠమును ధ్వంసము చేసియుండెను.

మఠము పాడుపడినను జనుల రాక నిలువలేదు. జూన్ 3 కెవిన్ స్మృతిదినము. ఆనాడు అచట గొప్ప జాతర జరిగెడిది. జోసెఫ్ పీకాక్ అను చిత్రకారుడు 1813లో ఆ జాతరను చిత్రించెను. శిథిలముల నడుమ జనసమ్మర్దమును, అంగళ్లను ఆ చిత్రములో చూడవచ్చును.

గనివారి బాట

ఎగువ సరస్సు ఉత్తరపు ఒడ్డున చక్కని చదునైన బాట ఒకటి కలదు. వృద్ధులును పిల్లలును సుఖముగా నడువదగినది. ఐతే అది విహారమునకై వేసినది కాదు. దానికి గనివారి బాట అని పేరు.

అభ్రకము కలిసిన పలకరాయియు గ్రానైటు రాయియు కలిసికొను చోట, ఈ కొండలలో సీసపు ఖనిజము దొరకినది. 19వ శతాబ్దమున ఈ లోయలోను, ప్రక్కనున్న గ్లెండసాన్ లోయలోను గనులు త్రవ్విరి. రెండు లోయల నడుమనున్న కమడెరి కొండ గుండా సొరంగములు తొలిచిరి. తీసిన ఖనిజమును డబ్లిన్ సమీపమందలి బాలికోరస్ కొలిమికి పంపిరి. నడుమ నడుమ ఆగుచు 1957 వరకు ఈ పని సాగినది. బాట చివర నేడు పైకప్పులేని ఇండ్ల గోడలు, ఖనిజమును నలుగగొట్టిన యంత్రపు తుప్పుపట్టిన భాగములు మిగిలియున్నవి. త్రవ్వి పోసిన రాతిగుట్టలపై గడ్డి సైతము సరిగా మొలవదు.

సాధువు పేరు లోకమెరుగును. సీసపు ధూళిని పీల్చి కొండను తొలిచినవారి పేర్లు ఎందరెరుగుదురు? సాధువు చేయి పిట్టకొరకు కదలలేదు. గనివాని చేయి కూలికొరకు ఆగలేదు. గోపురము వారసత్వమైనచో ఆ కూలిన గోడలును వారసత్వమే కావలెను. గోపురమును మాత్రమే చూచి మరలినవాడు లోయను సగమే చూచినవాడు.

అడవి నేర్పు పాఠము

ఆ పచ్చదనమును చూచినవారు ‘మానవ హస్తము సోకని ప్రకృతి’ అని మురియుట కలదు. అది సత్యము కాదు. ఇచటి ఓక్ అడవులను కట్టెబొగ్గుకొరకు, తోళ్లు పదును చేయు బెరడుకొరకు పలుమార్లు నరికిరి. మోడులనుండి అవి మరల చిగిర్చినవి. గనివారి బాట ప్రక్కనున్న పైను చెట్లు గనుల కంపెనీ కలపకై నాటించినవే. 1860లో జపాను నుండి విక్లోలోని పవర్స్‌కోర్టు తోటకు తెచ్చిన సీకా జింకలు అచటి ఎర్ర జింకలతో కలిసి సంకరజాతి ఏర్పడినది. ఆ జింకలు లేత మొక్కలను మేయుటచే కొత్త ఓక్ చెట్లు ఎదుగుట కష్టమగుచున్నది.

1991లో విక్లో పర్వత జాతీయోద్యానము స్థాపితమైనది. నేడు దాని విస్తీర్ణము 20,000 హెక్టార్లకు మించినది. క్రిమిసంహారకముల వలన 20వ శతాబ్దపు నడుమ క్షీణించిన పెరిగ్రిన్ డేగలు తిరిగి కోలుకొన్నవి. శతాబ్దములుగా ఐర్లండున కనబడని వడ్రంగిపిట్ట ఈ శతాబ్దమున విక్లో అడవులలో మరల గూడు కట్టినది. చెడగొట్టిన చేతులే ఓర్పు వహించినచో పోయినది కొంత తిరిగివచ్చునని ఇది నిదర్శనము.

ఐనను జాగ్రత్త వలయును. ఎగువ సరస్సుకు ఎదుట స్పింక్ అను నిటారు కొండ కలదు. దానిపైకెక్కి, గనివారి పల్లె మీదుగ దిగివచ్చు బాట సుమారు 9 కిలోమీటర్లు. పైనున్నది పీట్ నేల. అనగా నీట నానిన నాచు, గడ్డి పూర్తిగా కుళ్లక వేలయేండ్లు పొరలుపొరలుగా పేరుకొనిన నేల. నడచువారి సంఖ్య పెరిగినకొలది అది చీలి వానకు కొట్టుకొనిపోవును. కావున రైలుపట్టాల క్రింది పాత దూలములను పరచి, కాలు జారకుండ వాటిపై తీగవల బిగించి, మెట్లబాట వేసిరి. దానిని విడిచి ప్రక్కకు అడుగిడరాదు. ప్రేమతో వచ్చిన వేయి పాదములు సైతము గొడ్డలివలె పనిచేయగలవు.

విద్యార్థులారా! ఏ ప్రాచీన స్థలమునకు పోయినను మూడు ప్రశ్నలు వెంట గొనిపొండు. ఈ పేరునకు అర్థమేమి? దీనిని కట్టి, త్రవ్వి, నాటినవారెవరు? నా అడుగు వలన దీనికేమగును? మొదటి ప్రశ్న భాషను నేర్పును. రెండవది చరిత్రను నేర్పును. మూడవది బాధ్యతను నేర్పును. ఈ మూడును అడుగనివాడు వేయి క్రోసులు తిరిగినను చూచినది స్వల్పము. అడిగినవాడు ఒక్క లోయను చూచినను విద్యావంతుడై ఇల్లు చేరును.