వింబుల్డను పోటీలు: ఒంటరి యాటయు, జంట యాటయు

ఏటేట వేసవి సెలవులు ముగిసి బడులు తెరచిన కొలది దినములకే, ఇంగ్లండు దేశమునందలి వింబుల్డనులో జరుగు టెన్నిసు పోటీల వార్తలు పత్రికలలో కనబడుచుండును. కోవిల్పట్టి, విరుదునగరము ప్రాంతములలో మన యిండ్లకు వచ్చునవి ఎక్కువగా తమిళ పత్రికలే గనుక, అందు 'ఒట్రైయర్ పిరివు', 'ఇరట్టైయర్ పిరివు' అను మాటలు మీ కంటబడియుండును. తెలుగు పత్రికలవారు వీనినే సింగిల్సు, డబుల్సు అని వ్రాయుదురు. ఒకనితో నొకడు తలపడునది మొదటిది. ఇద్దరితో ఇద్దరు తలపడునది రెండవది.

ఇట్టి వార్త చదివిన యొక బాలుడు తరగతిలో నన్నిట్లడిగెను: "అయ్యా, ఇద్దరు కలిసి గెలిచినప్పుడు ఒక్కొక్కరిది సగము గెలుపే గదా?" తరగతియంతయు నవ్వెను. నేనును నవ్వితిని. కాని ఆ ప్రశ్న నవ్వి విడువదగినది కాదు. ఇంటిలో "నీ రాంకు ఎంత?" అని మొదట అడుగు పెద్దలలో కూడ ఈ యభిప్రాయమే కలదు. కోవిల్పట్టి హాకీకి పేరుపొందిన యూరు. హాకీలో పదునొకండుగురు కలిసి గెలుతురు. ఒక్కొక్కరిది పదునొకండవ వంతు గెలుపని మన యూర ఎవరును అనరు. టెన్నిసులో మాత్రము ఒంటరి యాట ప్రక్కనే యుండుటచేత, జంట యాట దాని నీడవలె కనబడుచున్నది. అది నిజమగునా కాదా యని చూతము.

ముందుగా ఆటస్థలమును కొలుతము. టెన్నిసు కోర్టు పొడవు 78 అడుగులు. నడుమ వల కట్టబడియుండును; దాని యెత్తు గుంజలయొద్ద మూడున్నర అడుగులు, మధ్యను మూడడుగులు. సింగిల్సునకు వెడల్పు 27 అడుగులు. డబుల్సునకు 36 అడుగులు. అనగా ఇరుప్రక్కల నాలుగున్నర అడుగుల చొప్పున రెండు సందులు అదనముగ చేరును. ఇప్పుడు లెక్క వేయుడు. వలకు ఈవలి సగము పొడవు 39 అడుగులు. ఒంటరిగా ఆడువాడు కాపాడవలసిన నేల 39 ఇంటు 27, అనగా 1,053 చదరపు అడుగులు. జంట కాపాడవలసినది 39 ఇంటు 36, అనగా 1,404; తలకు 702. ఇది 1,053లో సగము కాదు, సరిగా మూడింట రెండు వంతులు. నేల తగ్గినది గాని, ఎదుట నలుదిక్కులు కాచుటకు ఇద్దరున్నారు. బంతి వలయొద్దనే ఆపబడి మరల మన మొగము మీదికి వచ్చుచుండును. ఆలోచించుటకు వ్యవధి యుండదు. కనుక ఒంటరి యాటలో కాళ్లకు పని యెక్కువ. జంట యాటలో కంటికిని, మణికట్టునకును పని యెక్కువ.

ఇంకొక చిక్కు కలదు. జంట యాటలో నలుగురును వంతులవారీగా బంతిని సర్వీసు చేయవలెను. సర్వీసునకు బదులిచ్చునప్పుడు ఎవరు కుడివైపున, ఎవరు ఎడమవైపున నిలుతురో ఆ సెట్టు ముగియువరకు మార్చరాదు. కాని ఆట సాగుచుండగా వచ్చిన బంతిని ఇద్దరిలో ఎవరైనను కొట్టవచ్చును. ఆ 'ఎవరైనను' అను మాటలోనే కష్టమంతయు నున్నది. బంతి ఇద్దరి నడుమకు వచ్చినప్పుడు ఇద్దరును పరుగెత్తినచో కర్రలు ఢీకొనును. ఇద్దరును విందులో చుట్టములవలె "ముందు మీరు కానిండు" అని ఊరకున్నచో బంతి వారి నడుమనుండి సాగిపోవును. ఎవరిది యేది యని కనురెప్పపాటులో తెలియుటకు ఏండ్ల సాధన వలయును. ఒంటరి యాటలో ఆరితేరిన ఇద్దరిని తెచ్చి ప్రక్కప్రక్కన నిలిపినంతమాత్రమున మంచి జంట కాకపోవుట ఇందుచేతనే.

ఈ యాట పుట్టుకను కొంచెము చెప్పెదను. నేడు మనమెరిగిన టెన్నిసుకు తల్లి వేరొక యాట. దానిని ఇంగ్లండువారు రియల్ టెన్నిసు అందురు. అది పైకప్పు క్రింద, గోడల నడుమ, గోడలకు తగిలి తిరిగివచ్చు బంతితో ఆడబడును. ఫ్రాన్సు దేశమున తొలుత అరచేతితోనే కొట్టుచుండిరి గనుక వారు దానికి అరచేతి యాట యని పేరిడిరి. లండను చేరువనున్న హాంప్టన్ కోర్టు రాజభవనమున ఆ యాటస్థలము నేటికిని నిలిచియున్నది. అందును ఒంటరి, జంట పోటీలు రెండును కలవు. మనకు వింతగా తోచు 15, 30, 40 అను లెక్క ఆ పాత యాటనుండి వచ్చినదే. 1874లో మేజర్ వాల్టర్ వింగుఫీల్డు అను నాతడు గడ్డినేలపై ఆడదగిన క్రొత్త యాటకు ప్రభుత్వమునుండి హక్కుపత్రము పొంది, పరికరములను పెట్టెలలో పెట్టి అమ్మెను. ఆయన గీచిన కోర్టు నడుమ సన్నముగను, కొసల వెడల్పుగను, డమరుకమువలె నుండెను.

1877లో వింబుల్డనునందలి ఆల్ ఇంగ్లండు క్లబ్బువారు మొదటి పోటీ జరిపిరి. నేలను చదునుచేయుటకు గుఱ్ఱముచే లాగించు రోలరు మరమ్మతునకు డబ్బు వలసి ఆ పోటీ పెట్టిరని చెప్పుదురు. డమరుకపు కోర్టును వారు దీర్ఘచతురస్రముగ మార్చిరి. 78, 27 అడుగుల కొలత నాటిదే. ఇరువది యిద్దరు పురుషులు చేరిరి. స్పెన్సరు గోరు అనునాతడు గెలిచెను. ఆ యేడు ఒంటరి పోటీ యొక్కటియే జరిగెను. స్త్రీల సింగిల్సు, పురుషుల డబుల్సు 1884లో చేరినవి. ఆ యేట స్త్రీల తుదిపోటీలో అక్కచెల్లెండ్రే తలపడిరి; మాడ్ వాట్సను తన యక్క లిలియనును ఓడించెను. స్త్రీల డబుల్సును, ఒక పురుషుడును ఒక స్త్రీయును కలిసి యాడు మిశ్రమ డబుల్సును 1913లో చేరినవి.

సింగిల్సులో 128 మంది చేరుదురు. ఓడినవారు వెంటనే వెలుపలికి పోవుదురు. 128, 64, 32, 16, 8, 4, 2 అని తగ్గుచు ఏడవ ఆటలో విజేత తేలును. మొత్తము ఎన్ని ఆటలు జరుగును? కూడికలతో పని లేదు. ఒక్కొక్క ఆటలో ఒకరు ఓడుదురు. 127 మంది ఓడవలెను. కనుక 127 ఆటలు. డబుల్సులో 64 జంటలకు ఎన్ని యాటలో మీరే చెప్పగలరు. సెట్టు గెలుచుటకు ఆరు గేములు, రెండు గేముల ఆధిక్యముతో, గెలువవలెను. 2010లో జాన్ ఇస్నరు, నికొలాస్ మహూ అనువారి యాటలో కడపటి సెట్టు తెగక తెగక 70–68 వరకు సాగెను. ఆ యాట మూడు దినములలో మొత్తము 11 గంటల 5 నిమిషములు పట్టెను. ఇట్టి బాధ లేకుండుటకై 2022 నుండి కడపటి సెట్టులో ఆరేసి గేములు సమమైనప్పుడు పది పాయింట్ల తీర్పు ఆట పెట్టిరి.

ఇక మనవారి సంగతి. విరుదునగరములో రైలెక్కి సాత్తూరు, కోవిల్పట్టి, తిరునెల్వేలి దాటి దక్షిణముగా పోయినచో నాగర్‌కోయిల్ వచ్చును. అచ్చటనే 1937 ఏప్రిల్ 11న రామనాథన్ కృష్ణన్ జన్మించెను. ఆ యూరు అప్పటికి తిరువాన్కూరు సంస్థానములోనిది. తండ్రి టి. కె. రామనాథన్ గారే ఆయనకు గురువు. 1954లో కృష్ణన్ వింబుల్డను బాలుర సింగిల్సు గెలిచెను. ఆసియా ఖండమునుండి ఆ బహుమతి పొందిన మొదటివాడు ఆయనయే. 1960లోను, 1961లోను పెద్దల సింగిల్సులో సెమీఫైనలు చేరెను. రెండుసార్లును ఆయనను ఓడించినవారే, మొదట నీల్ ఫ్రేజరు, తరువాత రాడ్ లేవరు, ఆ యేటి విజేతలైరి. 1961 క్వార్టరు ఫైనలులో రాయ్ ఎమర్సనును ఆయన ఒక్క సెట్టును విడువక గెలిచెను.

ఇంత గొప్ప ఒంటరి యాటగాని చరిత్రలో జంట యాటకు చెందిన యొక దినమును నేను మరువలేను. 1966 డిసెంబరులో డేవిస్ కప్పు కడపటి పోటీకై భారత జట్టు ఆస్ట్రేలియాలోని మెల్బోర్నుకు వెళ్లెను. మొదటి దినము రెండు సింగిల్సులును మనవారు ఓడిరి. రెండవ దినము డబుల్సు. ఎదుట నిలిచినవారు జాన్ న్యూకోంబు, టోనీ రోచి. అంతకు ముందటి యేడు వింబుల్డను డబుల్సు గెలిచిన జంట. కృష్ణన్, జైదీప్ ముఖర్జీ కలిసి వారిని ఓడించిరి. మూడవ దినము మిగిలిన రెండు సింగిల్సులును పోయినవి. నాలుగింటికి ఒకటిగా భారతము ఓడెను. ఆ ఒకటి జంట గెలుపే.

1999లో లియాండరు పేసు, మద్రాసులో పుట్టిన మహేశ్ భూపతి కలిసి వింబుల్డను పురుషుల డబుల్సు గెలిచిరి. ఆ సంవత్సరము నాలుగు మహాపోటీలలోను వారు తుదిపోటీ చేరిరి, రెంట గెలిచిరి. వీరి కథ వేరొక వ్యాసమునకు చాలును.

హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా కథ మాత్రము మన బాలుని ప్రశ్నకు మిక్కిలి దగ్గర. ఆమె 2003లో రష్యా బాలిక అలీసా క్లెయిబనోవాతో కలిసి వింబుల్డను బాలికల డబుల్సు గెలిచెను. పిదప సింగిల్సులో పైకెక్కి 2007లో ప్రపంచమున 27వ స్థానము నందుకొనెను. అంతలో మణికట్టునకు దెబ్బలు తగిలినవి, శస్త్రచికిత్సలు జరిగినవి. 2013లో ఆమె సింగిల్సు విడిచి, డబుల్సు మాత్రమే ఆడ నిశ్చయించెను. చేతగాక చిన్న యాటకు దిగినదని తలచినవారు లేకపోలేదు. రెండేండ్లు గడిచినవి. 2015 ఏప్రిలులో డబుల్సులో ప్రపంచమున మొదటి స్థానము ఆమెదయ్యెను.

ఆ యేడు జూలై 11న వింబుల్డను తుదిపోటీ జరిగెను. సానియాకు జోడీ స్విట్జర్లాండునకు చెందిన మార్టినా హింగిసు. ఆమె 1997లో ఇదే చోట సింగిల్సు గెలిచిన మేటి. సానియా బలము ముందుచేతి దెబ్బలో నున్నది. హింగిసు బలము వలయొద్ది చతురతలో నున్నది. ఎదుట రష్యా జంట, మకరోవా, వెస్నినా. మొదటి సెట్టు 5–7తో పోయెను. రెండవది 7–6తో, వెంట్రుకవాసిలో దక్కెను. మూడవ సెట్టులో 2–5 వరకు వెనుకబడిరి. ఇంకొక్క గేము పోయినచో అంతయు పోవును. అక్కడినుండి వరుసగా మూడు గేములు గెలిచి 5–5 చేసిరి. పొద్దు వ్రాలుచుండుటచే ఆట నిలిపి, కోర్టు పైకప్పు మూసి, దీపములు వెలిగించిరి. మరల ఆట మొదలైన పిదప రెండు గేములును మనవారివే. 7–5. వింబుల్డను స్త్రీల డబుల్సు గెలిచిన మొదటి భారతనారి సానియా. 2023లో ఆమె యాటనుండి విరమించెను.

ఇక లెక్క తేల్తము. ఆ గెలుపునకు ప్రపంచ స్థానముల పట్టికలో 2,000 పాయింట్లు. వానిని ఇద్దరికి వేయి చొప్పున పంచలేదు. సానియాకు 2,000, హింగిసునకు 2,000. ఆ యేటి సింగిల్సు విజేత సెరీనా విలియమ్సుకును తన పట్టికలో ఇచ్చినవి 2,000లే. ధనము సంగతి వేరు. సింగిల్సు విజేతకు 18,80,000 పౌన్లు. డబుల్సు జంటకు, ఇద్దరికిని కలిపి, 3,40,000 పౌన్లు. తలకు 1,70,000. అది సింగిల్సు బహుమతిలో పదునొకండవ వంతునకు కూడ చాలదు.

ఈ రెండు లెక్కలును నల్లబల్లపై వ్రాసి చూపగా, ఆ బాలుడు కొంతసేపు చూచి, "అయ్యా, పాయింట్లు వేసినవారికి జంట యాట తెలియును; డబ్బు పంచినవారికి తెలియదు" అనెను.