ఓడెక్కే అబ్బాయికి స్పానిష్ డిక్షనరీ

ప్రశ్న: మా అబ్బాయి సరుకుల ఓడలో చేరాడు. పెరూ, చిలీ రేవులకు వెళ్లాలట. వెంట ఉంచుకోవడానికి ఏ స్పానిష్ డిక్షనరీ కొనాలి?
– ఒక తండ్రి, జాలరిపేట, విశాఖపట్నం

జవాబు: ఇంగ్లిష్–స్పానిష్ డిక్షనరీ కొనడం మంచిది. విదేశీ ఓడల మీద పని ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే నడుస్తుంది. స్పానిష్ అక్కరపడేది కయావో, వల్పరైసో రేవుల్లో ఒడ్డుకు దిగాక, అంగట్లోనో మందుల షాపులోనో.

కొనేముందే పుస్తకాన్ని పరీక్షించాలి. జాలరిపేట వాళ్లకు చేప కంటే మంచి పరీక్ష ఏముంటుంది? 'ఫిష్' అన్న మాట తీసి చూడాలి. నీళ్లలో ఈదే చేప 'పెస్', పట్టి వంటకు తెచ్చింది 'పెస్కాడో'. రెండూ ఇచ్చి, ఏది ఎప్పుడు వాడాలో చెప్పే పుస్తకమే పనికొస్తుంది. ఊరికే మాటలు పేర్చిన దాన్ని అక్కడే వదిలేయాలి. క్రియారూపాల పట్టిక కూడా ఉండి తీరాలి. అది లేకపోతే 'ఫ్వే' అంటే 'వెళ్లాడు' అని కొత్తవాడికి ఎక్కడా దొరకదు.

ఇక దేశం తేడా. బంగాళదుంప స్పెయిన్‌లో 'పటాటా', పెరూలో 'పాపా'. అందుకే లాటిన్ అమెరికా వాడుకకు పెద్దపీట వేసే మెరియం-వెబ్‌స్టర్ చిన్న సైజు ప్రతి ఈ అబ్బాయికి నప్పుతుంది. కాలిన్స్ జెమ్ ఇంకా చిన్నది, జేబులో పడుతుంది.

పాతపుస్తకాల షాపులో కొనేట్టయితే ముద్రణ సంవత్సరం చూడాలి. 1994లో స్పానిష్ అకాడమీలు అకారాది క్రమం మార్చాయి. అంతకుముందు 'సీహెచ్'తో మొదలయ్యే మాటలు 'సి' మాటలన్నీ అయ్యాక విడిగా ఉండేవి.

నడిసముద్రంలో ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. అనువాద యాప్‌లో నెట్ లేకపోయినా పనిచేసే స్పానిష్ ప్యాక్‌ను ఇంట్లో ఉండగానే దించుకోమనండి. పుస్తకాన్ని మాత్రం బయల్దేరే ముందే కొని, రోజూ కాసేపు తిరగేయమనండి.