నరకం బొమ్మలు ఎవరికోసం గీశారు?

ఇంట్లో ఎవరైనా పోయాక గరుడ పురాణం రీల్స్ చూసి, "మా నాన్న ఇప్పుడు అక్కడ బాధపడుతున్నారా?" అని వణికిపోయేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ పాఠం వాళ్ళకోసం.

నరకాన్ని బొమ్మల్లో చూపించడం మన దగ్గరే కాదు. ఇంగ్లండ్‌లోని చాల్డన్ చర్చి గోడ మీద సుమారు 1200 నాటి చిత్రం ఉంది. మధ్యలో పైకి వెళ్ళే నిచ్చెన, కింద నరకం. వడ్డీవ్యాపారి డబ్బు సంచులతో మంటల్లో కూర్చుని ఉంటాడు. మోసం చేసిన పనివాళ్ళు ముళ్ళ వంతెన మీద నడుస్తుంటారు. చదువు రానివాళ్ళకు ఆ గోడే పుస్తకం.

మనకు గోడ బదులు గుడ్డ. బాణుడు 7వ శతాబ్దంలో రాసిన హర్షచరిత్రలో, తండ్రి జబ్బు కబురు విని పరుగున వచ్చిన హర్షుడికి బజారులో యమపటం చూపించే మనిషి కనిపిస్తాడు. చుట్టూ పిల్లలు. పుల్లతో దున్నపోతు మీది యముణ్ణి చూపిస్తుంటాడు.

తెలంగాణలో చేర్యాల నకాషీ పటాలు అలాంటివే. పద్మశాలీలకు కూనపులివాళ్ళు పటం విప్పి మార్కండేయ పురాణం చెప్తారు. యముడు పాశం విసురుతాడు, శివుడు అడ్డుపడతాడు. ఉమ్మడి నల్గొండలో పోచంపల్లి, పుట్టపాక నేతన్నలు కొలిచే మార్కండేయుడి కథ ఇదే.

భాగవతం పంచమ స్కంధంలో 28 నరకాలు చెప్పారు. చివరిది సూచీముఖం. డబ్బు గర్వంతో అందర్నీ అనుమానిస్తూ సొమ్ముకు కాపలా కాసేవాడికి యమభటులు నేతగాళ్ళలా ఒళ్ళంతా దారాలతో కుట్లు వేస్తారట. మగ్గం తెలిసినవాళ్ళకు ఈ పోలిక వెంటనే తగులుతుంది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. చర్చి బోధలో నరకంలో పడితే ఇక తిరిగి రావడం లేదు. మన భాగవతం మాత్రం, కర్మఫలం అనుభవించాక మిగిలిన కర్మతో జీవుడు మళ్ళీ పుడతాడని అదే అధ్యాయంలో చెప్తుంది. అంటే మనకు నరకం దారిలో ఒక మజిలీ, ఊరు కాదు.

కానీ రెండు చోట్లా బొమ్మ చూసేది బతికున్నవాళ్ళే. వడ్డీవ్యాపారి బొమ్మ వడ్డీలెక్క రాసుకునేవాడి కోసం. సూచీముఖం కథ ఇవ్వాల్సిన జీతం ఆపి పెట్టుకున్నవాడి కోసం. పోయినవాళ్ళ మీద తీర్పు చెప్పమని మనకు ఎవరూ ఈ బొమ్మలు ఇవ్వలేదు.

కాబట్టి ఈసారి అలాంటి రీల్ వస్తే, నాన్నగారిని అందులో వెతకకండి. ఆయన పేరు మీద ఒకరికి కడుపునిండా అన్నం పెట్టండి. మీరు ఎవరికైనా బాకీ ఉంటే ఈ రోజే ఇచ్చేయండి. శుభం.