కరెంటు పెట్టిన దవడ

మా వైపు రోగులు రేడియేషన్ చికిత్సను 'కరెంటు పెట్టడం' అంటారు. హౌస్‌సర్జన్‌గా ఉన్న రోజుల్లో ఒక పొగాకు రైతు నన్నడిగాడు: "కరెంటు పెట్టి రెండేళ్లయింది గదా బాబూ, ఈ పుండు మానదేం?" బుగ్గలో కాన్సరు పోయింది. తరువాత పన్ను నొప్పి చేస్తే ఊరి దగ్గర పీకించుకున్నాడు. ఆ గుంట పూడలేదు. అడుగున దవడ ఎముక తెల్లగా కనబడుతోంది. నాకు జవాబు తెలియక "మందులు వాడు, తగ్గుతుంది" అన్నాను. ఆ బాకీ తీర్చడానికే ఈ నాలుగు మాటలు.

రేడియేషన్ దెబ్బ కాలిన గాయం లాంటిదనీ, రోజులు గడిస్తే మానుతుందనీ మనమనుకుంటాం. నోటి పొర విషయంలో అది చాలావరకు నిజమే. ఎముకలో వ్యవహారం తలక్రిందులు. సన్నని రక్తనాళాల లోపొర దెబ్బతిని, ఏళ్లు గడిచేకొద్దీ అవి మూసుకుపోతాయి. ఎముకను కట్టే కణాలు తగ్గి, పీచు కణజాలం చేరుతుంది. రక్తనాళాలు, కణాలు, ప్రాణవాయువు – ఈ మూడింటి కొరతే కారణమని 1983లో రాబర్ట్ మార్క్స్ వివరించాడు. తరువాతివారు పీచు కణజాలానికే పెద్దపీట వేశారు. ఏదైతేనేం, అటువంటి ఎముక కదిలించనంతకాలం కాలక్షేపం చేస్తుంది. గాయపడితే మాత్రం పూడ్చుకోలేదు. పై దవడకన్నా క్రింది దవడకే ఈ ముప్పు ఎక్కువ.

చచ్చిన భాగం తీసేస్తే ఖాళీ పూడ్చేదెలా? కాలిలోని ఫిబ్యులా ఎముకను దాని ధమనీ సిరలతో సహా తెచ్చి, ఆ నాళాలను మెడలోని నాళాలకు కుట్టి, టైటానియం ప్లేటుతో బిగిస్తారు. 1989లో హిడాల్గో దవడకు చూపిన దారి ఇది. కొత్త ఎముక తన రక్తం తాను తెచ్చుకుంటుంది. చిక్కంతా అతుకు దగ్గరే: ఒక అంచు ఆరోగ్యమైనది, రెండోది కరెంటు తిన్నది.

కొందరికి వరస వేరు: ముందు ఆపరేషన్, ఆరు వారాల లోపల రేడియేషన్. సాధారణంగా రోజుకు 2 గ్రే చొప్పున 30 సార్లు, మొత్తం 60 గ్రే. అప్పటికి అతుకు ఇంకా పచ్చిగానే ఉంటుంది. పోనీ ఆగుదామా అంటే కాన్సరు ఆగదు.

ఇక పళ్లు. ఇంప్లాంటు అంటే గోడకు మేకు దించడం కాదు. 1965లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ మొదటి రోగికి అమర్చినప్పటినుంచీ సూత్రం ఒక్కటే: ఎముక కొత్తగా పెరిగి టైటానియాన్ని పట్టుకోవాలి. రేడియేషన్ తిన్న ఎముకకు చేతకానిది సరిగ్గా ఆ పనే. అందుకే చాలామంది రేడియేషన్ ముగిశాక ఆరు నెలలనుంచి ఏడాది ఆగుతారు. కొందరు ఆపరేషన్‌లోనే పెట్టేసి, కిరణాలు పడేలోగా ఆ కొద్ది వారాలైనా కలిసివస్తాయంటారు. నాకు రెండోదే సబబనిపిస్తుంది, పళ్ల వరస కుదిరే నమ్మకముంటేనే సుమా. ఒత్తిడితో ఆక్సిజన్ ఇస్తే ముప్పు తప్పుతుందని చాలాకాలం నమ్మారు. 2019లో వెలువడిన హోపాన్ పరిశోధనలో ఆ లాభం కనబడలేదు.

మన రైతుకు చెడిన పన్ను రేడియేషన్‌కు కనీసం రెండు వారాల ముందే తీసి ఉండవలసింది. ఎవరూ చూడలేదు, చీటీలోనూ రాయలేదు. చివరికి కాలి ఎముక పెట్టారు. మెడలో ఆ వైపు నాళాలు పనికిరాక సర్జన్లు రెండో వైపు వెతుక్కున్నారు. ఇంప్లాంట్ల మాటెత్తితే, "సంకటి మింగుడు పడుతోంది, ఇక చాల్లే బాబూ" అన్నాడు.