పసివాళ్ల మెదడులో ష్వానోమా

చిరంజీవి వాసంతికి,

మెదడు లోపలే పుట్టే ష్వానోమా గురించి మీ పాథాలజీ పుస్తకంలో రెండు వాక్యాలకు మించి లేదని విసుక్కుంటూ రాశావు. అది అంత అరుదు మరి. అయినా పిల్లల స్లైడ్లు చూడబోయేదానివి, నీకు తెలిసి ఉండాలి.

ష్వానోమాకు మూలమైన ష్వాన్ కణాలు ఉండేది మెదడు బయటి నాడుల తొడుగులో. లోపల మైలిన్ తొడిగే పని ఆలిగోడెండ్రోసైట్లది. ఎనిమిదో కపాల నాడి మీద ష్వానోమా వచ్చిందంటే సరే, టెంపొరల్ లోబ్ నడిమధ్యకు ఎలా వచ్చింది? రక్తనాళాలను అల్లుకున్న సన్నని నాడుల నుంచని కొందరు, పిండదశలో దారితప్పిన న్యూరల్ క్రెస్ట్ కణాల నుంచని కొందరు. 1966లో గిబ్సన్ బృందం ఇలాంటి కేసును మొదటిసారి ప్రచురించింది. వాదన ఇంకా తెగలేదు. నాకైతే రక్తనాళాల మాటే సబబనిపిస్తుంది.

పిల్లవాడు ఫిట్స్‌తోనో తలనొప్పితోనో వస్తాడు. ఎమ్మారైలో ఒక నీటితిత్తి, దాని గోడకు మెరిసే గడ్డ. చూడగానే అందరూ పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా అంటారు. చాలాసార్లు అదే అవుతుంది కూడా.

థియేటర్ నుంచి వచ్చిన ముక్కను రెండు స్లైడ్ల మధ్య నొక్కి లాగు. గ్లయోమా సాధారణంగా పల్చగా పరుచుకుంటుంది. ష్వానోమా సాగదు, ముద్దగానే ఉండిపోతుంది. అక్కడ ఆగి ఆలోచించు. తర్వాత పారాఫిన్ సెక్షన్‌లో కదురు ఆకారపు కణాలు కట్టలుగా కనిపిస్తాయి. కేంద్రకాలు రెండు బారులు తీరి, మధ్యలో గులాబీరంగు జాగా వదిలితే అవి వెరోకే బాడీలు, 1910లో వెరోకే వర్ణించినవి. ఎస్-100 పట్టిందని సంబరపడకు, గ్లయోమాకూ పడుతుంది. జీఎఫ్ఏపీ కొన్ని ష్వానోమాలకూ పడుతుంది. రెటిక్యులిన్ స్టెయిన్ వేయించు. ష్వానోమాలో నల్లటి దారాలు ఒక్కో కణాన్నీ చుట్టుకుని ఉంటాయి. మామూలు ఆస్ట్రోసైటోమాలో రక్తనాళాల దగ్గరే ఆగిపోతాయి. ప్లియోమార్ఫిక్ జాంథోఆస్ట్రోసైటోమా మాత్రం ఇక్కడా బుకాయిస్తుంది, జాగ్రత్త.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఇది గ్రేడు 1 కణితి. సర్జన్ పూర్తిగా తీసేస్తే సాధారణంగా కీమో, రేడియేషన్ అక్కర్లేదు. ఎదిగే మెదడుకు రేడియేషన్ ఎంత చేటో నీకు చెప్పాలా? ఇంకో మాట. మెదడు లోపలివి ఎక్కువగా వంశపారంపర్య జబ్బేదీ లేకుండా విడిగానే వస్తాయి కానీ, పిల్లల్లో ఏ ష్వానోమా కనిపించినా 22వ క్రోమోజోమ్ మీది ఎన్ఎఫ్2 జన్యువును తలచుకోవాలి. కుటుంబ చరిత్ర, రెండు చెవుల వినికిడి, కళ్లు, వెన్ను చూడమని రిపోర్టు కింద ఒక వాక్యం రాయి.

సర్జన్ ఫోన్ మీద ఫోన్ చేసినా, రెటిక్యులిన్ స్లైడు చేతికి రాకముందు సంతకం పెట్టకు.

నీ పెదనాన్న